ఎడమకు లాగుతున్న కారు గురించి

రాజోలు

చి॥ బుజ్జికి,

రిపేరు నుంచి వచ్చిన కారు ఎడమకు లాగుతోందనీ, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదనీ ఫోన్లో చెప్పావు. ఆ రెండింటికన్నా నాకు మింగుడుపడనిది నువ్వు చివర్లో అన్న మాట: "పోన్లే పెదనాన్నా, డబ్బులు ఇన్సూరెన్సువాళ్లవేగా!"

కాదురా, డబ్బులు నీవే. ఏటా కట్టే ప్రీమియం నీది. జీరో డెప్ (పార్టుల తరుగుదల కొయ్యని కవర్) కోసం పైన కట్టింది నీది. చిన్న కారైనా తప్పని ఆ వెయ్యి రూపాయల డిడక్టిబుల్ కూడా నీ జేబులోదే. ఒకవేళ పైసా కట్టకపోయినా, డబ్బిచ్చినవాళ్ల సమ్మతితో సేవ పొందేవాడు కూడా వినియోగదారుడే అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. అందుకని వర్క్‌షాపువాళ్లు "ఆయ్, మాకు బిల్లు కట్టింది ఇన్సూరెన్సు కంపెనీ అండి, కంపెనీనే అడగండి" అంటే తలూపి వచ్చేయకు. కంపెనీకి ఫోన్ చేస్తే "పని చేసింది వాళ్లు, వాళ్లనే అడగండి" అంటారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడతారు, అదే చిక్కు.

నన్నడిగితే, పని చెడగొట్టిన చేతిదే మొదటి బాధ్యత. చాసిస్ కొలతలు చూడకుండా పుట్టీ పెట్టి పెయింటు కొట్టేస్తే అది వర్క్‌షాపు తప్పే. కంపెనీ ఎప్పుడు ఇరుక్కుంటుందంటే, నిన్ను ఫలానా చోటికే వెళ్లమన్నప్పుడు, మార్చాల్సిన పార్టును కంపెనీ పంపిన సర్వేయర్ "రిపేరు చాలు" అని కొట్టేసినప్పుడు. నీ పాలసీ వెనక షరతులు చదువు. నష్టాన్ని డబ్బుగా ఇవ్వాలా, బండి బాగుచేయించి ఇవ్వాలా అన్నది కంపెనీ ఇష్టం అని ఉంటుంది. బాగుచేయించే పని తానే నెత్తికెత్తుకున్నాక, ఆ పని బాగోగులతో నాకు సంబంధం లేదనడం న్యాయం కాదు. సర్వేయర్ రాసింది శిలాశాసనమూ కాదు. 2009లో ఒక లారీ కేసులో సుప్రీంకోర్టే ఆ మాట చెప్పింది.

మనవాళ్లు బోలెడంతమంది ఉన్న డాలస్‌లో జరిగింది చెబుతాను. 2012లో వడగళ్లకు దెబ్బతిన్న ఒక హోండా ఫిట్ కారుకు జాన్ ఈగల్ కొలిజన్ సెంటర్ అనే వర్క్‌షాపు కొత్త కప్పు వేసింది. వెల్డింగ్ చెయ్యాలన్నది తయారీదారు పద్ధతి. వీళ్లు జిగురుతో అంటించేశారు. మరుసటి ఏడాది ఆ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్న దంపతులకు ఈ సంగతే తెలియదు. పైకి కనబడితేగా! డిసెంబరులో ప్రమాదం జరిగింది. కప్పు విడిపోయింది, బండి అంటుకుంది, ఇద్దరూ తీవ్రంగా గాయపడ్డారు. రిపేరు ఎలా చెయ్యాలో ఇన్సూరెన్సు కంపెనీయే చెబుతుందన్న ధోరణిలో వర్క్‌షాపు మేనేజరు సాక్ష్యమిచ్చాడు. అయినా 2017లో జ్యూరీ ఆ వర్క్‌షాపు వాటాగా 3 కోట్ల 15 లక్షల డాలర్లు లెక్క తేల్చింది. ఎవరు చెప్పినా, జిగురు పూసింది వాళ్లే కదా.

మన దగ్గర అంత సొమ్ము రాదులే. కానీ ప్రమాదం తక్కువేం కాదు. ఎడమకు లాగే బండిని ఒకపక్క కాలువ, ఒకపక్క కొబ్బరితోట ఉన్న గట్టు మీద ఊహించుకో. పైగా అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండి నీది. వెల్డింగ్ చేసినచోట ప్రైమర్ సరిగా వెయ్యకపోతే ఉప్పుగాలికి పెయింటు కిందే తుప్పు పట్టేస్తుంది. అది బయటపడేసరికి ఎవరి తప్పో తేల్చడం కష్టం.

డెలివరీ రోజే "పని తృప్తిగా ఉంది" అన్న కాగితం మీద సంతకం పెట్టేశానని బెంగపడుతున్నావు. ముందు బండి నడిపి చూసి పెట్టాల్సింది, సరే. ఆ సంతకంతోనే అంతా అయిపోదు. మోసపుచ్చో, ఒత్తిడి చేసో తీసుకున్న డిశ్చార్జ్ వోచర్ (బాకీ తీరిందని సంతకం చేసే కాగితం) వినియోగదారుడికి అడ్డు కాదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు నీకు ఏం చెప్పి సంతకం చేయించారో మర్చిపోకముందే రాసిపెట్టుకో.

వేరేచోట అలైన్‌మెంట్ చూపించి ఆ ప్రింటు, ఎయిర్‌బ్యాగ్ స్కాన్ రిపోర్టు తీసుకో. వాటితో వర్క్‌షాపుకీ, కంపెనీ ఫిర్యాదుల అధికారికీ ఒకేరోజు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. ఫోన్ మాటలు లెక్కలోకి రావు. నెలలోపు కంపెనీ పలక్కపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మన పక్కనున్న యానాం కూడా ఆ ఆఫీసు కిందకే వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే ఆయన కంపెనీ సంగతే చూస్తారు, వర్క్‌షాపును పిలవరు. ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టాలంటే జిల్లా వినియోగదారుల కమిషనే. నువ్వు ఉంటున్న చోటే వెయ్యొచ్చు, గడువు రెండేళ్లు. సేవకు చెల్లించింది 5 లక్షల లోపైతే అక్కడా ఫీజు లేదు.

ఆదివారం పాలసీ, ఎస్టిమేటు, బిల్లు అన్నీ పట్టుకుని రా, ఫిర్యాదు ఇద్దరం కూర్చుని రాద్దాం. కారులో మాత్రం రావద్దు. అమలాపురంలో బస్సెక్కు. కారులో వస్తే, లోపం తెలిసీ నడిపాడని వాళ్లకు సాకు దొరుకుతుంది.

ఇట్లు,
పెదనాన్న