పూజ చేసిన మర్నాడే కారు మొరాయించిందా? అపశకునం కాదు, ముందు బ్యాటరీ చూడండి



కిందటి దసరాకి మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. మహానవమి సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారుకి పూజ చేశాం. శుభ్రంగా కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాం. ఫొటోలు బాగా రావాలని హెడ్‌లైట్లు వేసి ఉంచాం. నాలుగు తలుపులూ తెరిచి, లోపల స్తోత్రాలు పెట్టాం. చివర్లో టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని నాలుగడుగులు ముందుకు కదిపి ఆపేశాం.

మర్నాడు పొద్దున్నే ఐదింటికి అమ్మమ్మగారి ఊరు బయల్దేరాలి. అందరం ఎక్కి కూర్చున్నాం. సెల్ఫ్ కొడితే టక టక టక... అంతే. మీటర్ల ముళ్లు ఊగిపోయాయి. ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు, ఇంకా పేరు తెలియనివి మూడు నాలుగు ఒకేసారి వెలిగాయి. సెంట్రల్ లాక్ దానంతట అదే పడింది. గడియారం 12:00కి వెళ్లిపోయింది.

అమ్మ మొహం వాడిపోయింది. "నిన్న పూజలో ఏదో లోపం జరిగిందిరా. ఈ రోజు ప్రయాణం వద్దు" అంది.

లోపం జరిగిన మాట నిజమే. కానీ అది పూజలో కాదు, మా లెక్కలో.

ఆ లెక్క ఏమిటంటే

మామూలు హాలోజెన్ హెడ్‌లైటు ఒక్కోటి 55 వాట్లు. రెండూ కలిపి 110. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఉండేది 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ. అంటే ఇంజన్ ఆపేసి గంటన్నర లైట్లు వేసి ఉంచితే, కొత్త బ్యాటరీలో కూడా మూడో వంతు దాటి ఖర్చయిపోతుంది. దానికి పాటలు, లోపలి లైట్లు తోడయ్యాయి. మా బ్యాటరీకి అప్పటికే నాలుగేళ్లు. మన ఎండలకి బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది, మూడు నాలుగేళ్లకే చాలావరకు నీరసపడుతుంది. ఇక నిమ్మకాయల మీద కదపడానికి సెల్ఫ్ కొట్టాం కదా, ఆ క్షణంలో సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఖర్చయినది తిరిగి నిండేంతసేపు బండి నడవలేదు.

మరి ఇన్ని లైట్లు ఎందుకు వెలిగాయి?

అసలు తెలుసుకోవలసింది ఇదే. ఇప్పటి కార్లో బ్రేకులకి, స్టీరింగ్‌కి, ఎయిర్‌బ్యాగులకి, తలుపులకి వేరువేరు చిన్న కంప్యూటర్లు ఉంటాయి. అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ పనిచేస్తాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి బాగా పడిపోతే కొన్ని ఆగిపోయి మళ్లీ మొదలవుతాయి. పక్కవాడి నుంచి జవాబు రాలేదని మిగతావి లోపం రాసుకుంటాయి. అందుకే పది భాగాలు ఒకేసారి పాడైనట్టు కనిపిస్తుంది. నిజానికి నీరసపడింది ఒక్కటే.

ఆ టక టక శబ్దం కూడా అంతే. సెల్ఫ్ స్విచ్చి అతుక్కుంటుంది, వోల్టేజి చాలక వదిలేస్తుంది, మళ్లీ అతుక్కుంటుంది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి: ఒకేసారి చాలా లైట్లు వెలిగితే భయపడకండి, ఏ భాగమూ మార్చకండి. ముందు బ్యాటరీ వోల్టేజి చూడండి. రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటర్ పెడితే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే ఖాళీ అయినట్టే. మాది 11.6 చూపించింది.

జంప్ స్టార్ట్: క్రమం తప్పకూడదు

పక్క ఫ్లాట్ అంకుల్ తన కారు తెచ్చారు. తొందరలో నల్ల క్లిప్పుని ప్లస్ మీద పెట్టబోతుంటే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. అక్కడ వైర్లు తారుమారైతే ఫ్యూజులతో పాటు కంప్యూటర్లు కూడా కాలిపోవచ్చు. సరైన క్రమం ఇది:

1. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆఫ్‌లో ఉండాలి.
2. ఎర్ర క్లిప్పు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి.
3. రెండో ఎర్ర క్లిప్పు మంచి బ్యాటరీ ప్లస్‌కి.
4. నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కి.
5. చివరి నల్ల క్లిప్పు మన కారు ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా.
6. ముందు సాయం చేసే కారు స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలాగి మన కారు స్టార్ట్ చేయాలి.
7. తీసేటప్పుడు ఇదే క్రమం వెనక నుంచి.

చివరి క్లిప్పు దూరంగా ఎందుకంటే, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. చిన్న నిప్పురవ్వ చాలు, బ్యాటరీ పేలిపోవచ్చు. అందుకే బానెట్ తెరిచి హారతి ఇచ్చే అలవాటుంటే దయచేసి మానుకోండి. హారతి, అగరబత్తీలు బానెట్ మూసి, బయటి నుంచే. బ్యాటరీ ఉబ్బినా, కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా జంప్ స్టార్ట్ జోలికి వెళ్లకండి, మెకానిక్‌ని పిలవండి. మీ కారు పుస్తకంలో వేరే చోటు చూపిస్తే ఆ మాటే వినండి.

ఇంకో రెండు మాటలు. తోసి స్టార్ట్ చేయడం గేర్లు మనం వేసుకునే బండికే, ఆటోమేటిక్‌కి కుదరదు. బటన్ స్టార్ట్ కార్లో రిమోట్ సెల్ నీరసపడితే, తాళాన్ని బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. తలుపు తెరుచుకోకపోతే రిమోట్ లోపలే చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది, చూడండి.

స్టార్ట్ అయ్యాక మిగిలే చిలిపి చేష్టలు

మా బండి స్టార్ట్ అయింది. కానీ స్టీరింగ్ లైటు పోలేదు, డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేసింది. దారిలో ఒక మెకానిక్ చూసి "బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే" అన్నాడు. వేలల్లో ఖర్చు. అమ్మ భయం, మా తొందర చూసి నాన్న దాదాపు ఒప్పేసుకున్నారు. "ముందు బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి చూద్దాం నాన్నా" అని నేనే ఆపాను.

ఊరు చేరాక ఒక షాపులో రాత్రంతా నెమ్మదిగా చార్జింగ్ పెట్టించాం. మర్నాడు స్టీరింగ్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, కాస్త దూరం నడిపితే లైటు పోయింది. అద్దాన్ని పూర్తిగా పైకి లేపి, స్విచ్చి కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే అదీ పాత పద్ధతి నేర్చుకుంది. బోర్డు నిక్షేపంగా ఉంది. తర్వాత లోడ్ టెస్ట్‌లో మాత్రం బ్యాటరీ నిలబడలేదు, కొత్తది వేయించాం.

కానీ అన్ని లైట్లనీ ఇలా తేలిగ్గా తీసుకోకండి. బ్యాటరీ బాగున్నా ఎయిర్‌బ్యాగ్ లేదా బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటే తప్పకుండా చూపించాలి. నడుస్తుండగా ఎర్రటి బ్యాటరీ బొమ్మ వెలిగితే చార్జింగ్ కావడం లేదని అర్థం. ఏసీ, పాటలు ఆపేసి, భద్రమైన చోటు చూసుకుని ఆపండి. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్‌లో మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. అంతేకానీ, పరీక్ష కోసమని నడుస్తున్న ఇంజన్‌కి బ్యాటరీ వైరు ఎప్పుడూ పీకకండి, కంప్యూటర్లు దెబ్బతింటాయి.

మళ్లీ రాకుండా

ఆఫ్ చేసిన కారు కూడా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీఆంపియర్లు అయితే రోజుకి 1.2 ఆంపియర్-అవర్లు. రెండు వారాలు కదపకపోతే దాదాపు 17, అంటే 35 బ్యాటరీలో సగం. డాష్‌క్యామ్ అలాగే వదిలేస్తే ఇంకా త్వరగా. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు వారానికోసారి అరగంటైనా బండి నడపండి.

టెర్మినల్స్ మీద తెల్లగా, నీలంగా పొడి పడితే గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్‌తో, చేతి తొడుగులు వేసుకుని శుభ్రం చేయండి. వైర్లు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. స్టార్ట్-స్టాప్ ఉన్న కారుకి దానికి తగ్గ రకం బ్యాటరీయే వేయించండి, చవకదని మామూలుది వద్దు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. బానెట్ తెరిచి మీ బ్యాటరీ ఏ నెలలో, ఏ ఏడాది వేసిందో చూడండి. మూడేళ్లు దాటితే పండగ ప్రయాణానికి ముందే లోడ్ టెస్ట్ చేయించండి. అమ్మానాన్నలతో చీకట్లో హైవే మీద ఆగిపోవడం కంటే అది చాలా తేలిక.

ఈ ఏడు కూడా మా కారుకి పూజ చేస్తాం. బొట్లు, దండ, నిమ్మకాయలు అన్నీ ఉంటాయి. అమ్మ మాత్రం ఇప్పటి నుంచే అంటోంది: "కొబ్బరికాయ నేను చూసుకుంటా గానీ, ఆ లైట్లు ఆర్పడం నువ్వు మర్చిపోకు."