చచ్చిన దోమలా, తప్పిన కాట్లా?

ఎండాకాలం వచ్చిందంటే అమెరికాలో మన ఇళ్ళ వెనక గ్రిల్లులు వెలుగుతాయి. వాటి వెంటే దోమలూ దిగుతాయి. పిల్లలకు బడి సెలవులు, ఇండియా ప్రయాణాలు కూడా అప్పుడే. "ఇక్కడ దోమలు చంపేస్తున్నాయిరా, అక్కడ ఏదైనా మంచి మెషీన్ దొరికితే పట్టుకురా" అని ఊరి నుంచి ఫోను వస్తుంది. దుకాణానికి వెళ్ళి చూస్తే ఒక అర నిండా సరుకే: ఊదారంగు దీపాలు, గోడకి గుచ్చే శబ్దయంత్రాలు, చేతికి కట్టుకునే పట్టీలు, గ్యాస్ సిలిండర్‌తో నడిచే పెట్టెలు. ప్రతి అట్టపెట్టె మీదా "వందకు వంద శాతం" అన్న హామీయే.

ఏది కొనాలి? డెమో చూసి మురిసిపోకుండా "దీన్ని దేంతో కొలిచారు?" అని అడగడం మన వృత్తి నేర్పిన మొదటి పాఠం. దోమల యంత్రాల విషయంలోనూ అదే ప్రశ్న అడుగుదాం. చాలా కంపెనీలు చచ్చిన పురుగులను లెక్కపెట్టి చూపిస్తాయి. మనకు కావలసింది తప్పిన కాట్ల లెక్క. ఈ రెండూ ఒకటి కావు.

దోమ మనల్ని ఎలా కనిపెడుతుంది?

కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తంలోని ప్రోటీన్ కావాలి. మనిషిని వెతకడంలో దానికొక క్రమం ఉంది. ముందుగా దూరం నుంచి మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ దానికి తగులుతుంది. ఆ గాలి పాయను పట్టుకుని ఎదురుగాలిలో ఎగురుతూ వస్తుంది. కాస్త దగ్గరికి వచ్చాక కళ్ళు పనిచేస్తాయి, ముదురు రంగు ఆకారాల వైపు తిరుగుతుంది. ఇంకా దగ్గరయ్యాక ఒంటి వేడి, తేమ, చెమటలోని లాక్టిక్ ఆమ్లం వంటి వాసనలు దారి చూపిస్తాయి. చివరికి చర్మం మీద వాలాక కాళ్ళతో రుచి చూసి సూది దింపుతుంది.

అంటే ఇది అంచెలంచెలుగా నడిచే ప్రోటోకాల్ లాంటిది. దోమల కోసం కనిపెట్టిన ఏ యంత్రమైనా ఈ అంచెల్లో ఏదో ఒకదాన్ని మోసగించాలి, లేదా తెంపాలి. ఏ అంచెనూ ముట్టుకోని యంత్రం ఎంత మెరిసినా దోమకు దానితో పనిలేదు. ఈ ఒక్క సూత్రం చేతిలో పెట్టుకుని దుకాణంలో అరలన్నీ చూసేద్దాం.

ఊదారంగు దీపం

అతినీలలోహిత దీపం, దాని చుట్టూ కరెంటు తీగల వల. దీపానికి వచ్చిన పురుగు చిటపటమని కాలిపోతుంది. ఈ తరహా యంత్రాలకు 1930లలోనే అమెరికాలో పేటెంట్లు వచ్చాయి. ఆ చిటపట వింటుంటే మనకు భలే తృప్తిగా ఉంటుంది. కానీ పైన చెప్పిన అంచెల్లో దీపం ఎక్కడ ఉంది? లేదు. రక్తం కోసం తిరిగే దోమ వెతికేది ఊపిరిని.

1996లో డెలావేర్ రాష్ట్రంలోని నూవార్క్ ఊళ్ళో ఇళ్ళ దగ్గర పెట్టిన ఆరు యంత్రాలలో పడ్డ పురుగులను పరిశోధకులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ప్రచురించారు. మొత్తం 13,789 పురుగులు. వాటిలో కుట్టేవి 31! అంటే వెయ్యికి రెండు చొప్పున. అదే లెక్కలో ఇతర పురుగులను తిని మనకు మేలు చేసే కీటకాలు 1,868 ఉన్నాయి. చచ్చిన పురుగుల లెక్కలో బ్రహ్మాండమైన యంత్రం. తప్పిన కాట్ల లెక్కలో దాదాపు సున్న.

మన ఊళ్ళలో ఇంటింటా కనిపించే దోమల బ్యాటు సంగతి వేరు. తైవాన్‌కు చెందిన ఒక ఆవిష్కర్తకు 1996లో దీనిమీద అమెరికా పేటెంట్ దక్కింది. ఇందులోనూ కరెంటు వలే ఉంది, కానీ ఎర మనమే, సెన్సరూ మనమే. దోమతెరలో దూరిన ఒకటి రెండు దోమలకు అది చాలు. ఊరంతటి దోమలకు చాలదు.

మనకు వినబడని శబ్దం

గోడకి గుచ్చే "అల్ట్రాసోనిక్" పెట్టెలు, ఫోన్లలోకి దించుకునే యాప్‌లు ఇంకో రకం. మగదోమ రెక్కల చప్పుడు వింటే కడుపుతో ఉన్న ఆడదోమ పారిపోతుందనేది వీటి వాదన. ఇక్కడ మన ఇంజనీరింగ్ బుర్రకు కొంచెం పని చెబుదాం. దోమ రెక్కల చప్పుడు కొన్ని వందల హెర్ట్జ్ మాత్రమే. అందుకేగా చెవి దగ్గర గుయ్యిమంటే మనకు చక్కగా వినబడుతోంది! 20,000 హెర్ట్జ్ దాటిన అల్ట్రాసౌండ్‌కీ మగదోమకీ సంబంధమే లేదు. పైగా ఫోనులో ధ్వనిని మామూలుగా సెకనుకు 44,100 లేదా 48,000 శాంపిల్స్‌తో పలికిస్తారు. నైక్విస్ట్ సూత్రం ప్రకారం అందులో సగానికి మించిన పౌనఃపున్యం బయటికి రాదు. చిన్న స్పీకరు ఆ అంచుదాకా కూడా సరిగ్గా పలకదు.

కొలతలు కూడా ఇదే చెప్పాయి. 2007లో కోక్రేన్ సంస్థ 10 క్షేత్ర పరీక్షలను కలిపి సమీక్షించింది. యంత్రం ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా మనిషి మీద వాలే దోమల సంఖ్యలో తేడా లేదని తేలింది. అంతకుముందే 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి యంత్రాల తయారీదారులకు, అమ్మకందారులకు 60కి పైగా హెచ్చరిక లేఖలు పంపింది.

ఎర వేసి పట్టడం

దోమ అంచెలను నిజంగా వాడుకున్న ఉచ్చుల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇది దోమతో కాదు, ఆఫ్రికాలో నిద్రజబ్బును వ్యాపింపజేసే సీసీ ఈగతో మొదలైంది. 1910 ప్రాంతంలో ప్రిన్సిపె అనే చిన్న దీవిలో, పోర్చుగీసువారి తోటల్లో పనిచేసే కూలీల వీపులకు జిగురు పూసిన నల్లగుడ్డలు కట్టారు. ముదురు రంగు చూసి వచ్చిన ఈగ అంటుకుపోయేది. పొదలు కొట్టేయడం, పందులను తొలగించడం వంటి పనులు కూడా దీనితో కలిసి, 1914 నాటికి ఆ దీవిలో ఈగ లేకుండా పోయింది. ఎరగా మారిన ఆ కూలీలను ఇష్టం అడిగిన వారెవరూ ఉండరు. ఆ సంగతీ గుర్తుంచుకోవాలి.

1980లలో జింబాబ్వేలో ఈ ఈగలు పశువులను ఎలా కనిపెడతాయో వెతుకుతూ, ఎద్దు ఊపిరి వాసనలో ఆక్టినాల్ అనే పదార్థాన్ని గుర్తించారు. 1990లలో అమెరికాలో వచ్చిన ప్రొపేన్ యంత్రాలకు ఇదే ఎరగా మారింది. గ్యాస్ మండితే కార్బన్ డయాక్సైడ్, వేడి, తేమ మూడూ వస్తాయి. దానికి ఆక్టినాల్ కలిపితే దోమ దృష్టిలో అదొక పశువు! దగ్గరికి రాగానే ఫ్యాను లోపలి సంచీలోకి లాగేస్తుంది. నెట్‌వర్క్ సెక్యూరిటీలో ఉన్నవారికి ఇది వెంటనే అర్థమౌతుంది, అచ్చం హనీపాట్.

సంచీ నిండుతుంది, నిజమే. అయితే పక్కింటి దోమలను కూడా ఇది పిలుచుకు వస్తుంది. మనం కూర్చునే చోటికి దగ్గరగా పెడితే దారిలో మనమూ తగులుతాం. ఒక్క ఇంట్లో ఒక్క యంత్రం పెడితే సంచీ బరువు పెరిగినంతగా కాట్లు తగ్గకపోవచ్చు.

అందరూ కలిసి పెడితే? ప్యూర్టోరికోలో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. వాళ్ళ ఉచ్చుకు కరెంటు అక్కరలేదు, గ్యాస్ అక్కరలేదు. ఒక నల్ల బకెట్టు, అడుగున ఎండుగడ్డి నానిన నీళ్ళు, పైన జిగురు పూసిన గొట్టం, అంతే. గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వచ్చిన ఆడదోమ అంటుకుపోతుంది. ఊళ్ళో 85 శాతానికి పైగా ఇళ్ళలో, ఇంటికి మూడు చొప్పున పెట్టేసరికి డెంగీ దోమలు సగానికి పైగా తగ్గాయి. యంత్రం మామూలుదే. ఫలితం తెచ్చింది ఇరుగుపొరుగు.

దగ్గరికి రానివ్వకపోవడం

వేపాకు పొగ, సాంబ్రాణి పొగ మనకు తాతల నాటి నుంచీ తెలిసినవే. ఆ పొగను వస్తువుగా మార్చినది జపాన్‌కు చెందిన ఉయెయామా ఎయిచిరో. చామంతి జాతి పువ్వుల నుంచి తీసే పైరెత్రమ్‌తో 1890లో ఆయన అగరుబత్తి లాంటి పుల్ల చేశాడు. అది 40 నిమిషాల్లో అయిపోయేది. చుట్టగా చుడితే రాత్రంతా కాలుతుందన్న ఆలోచన 1895లో ఆయన భార్య యుకి ఇచ్చింది. 1902లో ఆ చుట్ట అమ్మకానికి వచ్చింది. ఈనాటి కాయిల్ అదే. దీనివల్ల దోమలు తగ్గేమాట నిజమే కానీ, ఒక కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానితో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు పడుకునే మూసిన గదిలో అది మంచిది కాదు.

ఒంటికి రాసుకునే వాటిలో డీట్‌ది పెద్దపీట. 1940లలో అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని సైన్యం కోసం తయారుచేసింది, 1957 నుంచి జనానికి అందుబాటులోకి వచ్చింది. ఇది దోమను చంపదు. వాసన పట్టే గ్రాహకాలను తికమక పెడుతుంది, ఒకవేళ వాలినా కాళ్ళకు తగిలి లేచిపోయేట్టు చేస్తుంది. అంటే చివరి రెండు అంచెలనూ తెంపుతుంది. డబ్బా మీద శాతం పెరిగితే బలం పెరిగినట్టు కాదు, ఎక్కువ సేపు పనిచేస్తుందని అర్థం. 50 శాతం దాటాక ఆ లాభమూ ఉండదు. పికారిడిన్ కూడా నమ్మదగినదే, జిడ్డు తక్కువ. మన ఊళ్ళో దొరికే ఓడోమాస్‌లో ఉన్నది డీట్‌కు దగ్గరి చుట్టమైన రసాయనం.

చేతి పట్టీలు, సిట్రొనెల్లా కొవ్వొత్తులు? 2017లో న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీ వారు వీటిని డీట్‌తో పాటు పరీక్షించారు. డీట్ పనిచేసింది. పట్టీలు, కొవ్వొత్తి పనిచేయలేదు.

లేజరు, దోమతెర

మైక్రోసాఫ్ట్‌లో ముఖ్య సాంకేతికాధికారిగా పనిచేసిన నేథన్ మెర్వాల్డ్ 2010లో టెడ్ వేదిక మీద ఒక అద్భుతం చూపించాడు. ఎగిరే దోమను కెమెరా పట్టుకుంటుంది, రెక్కల వేగాన్ని బట్టి దాన్ని గుర్తిస్తుంది, లేజరు కాల్చేస్తుంది. మనవాళ్ళకి ఇంతకంటే నచ్చే యంత్రం ఉంటుందా? కానీ ఏళ్ళు గడిచినా మలేరియా ఉన్న పల్లెల్లో కనబడేది లేజరు కాదు, దోమతెర.

దానికి కారణముంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మూడేళ్ళకే, 1900లో, సాంబన్, లో అనే ఇద్దరు వైద్యులు ఇటలీలో మలేరియాకు పేరుపడ్డ ఆస్టియా దగ్గర ఒక గుడిసె వేసుకున్నారు. కిటికీలకు, తలుపులకు జాలీ కొట్టారు. పొద్దుగూకే లోపల లోనికి వెళ్ళి తెల్లవారాక బయటికి వచ్చేవారు. జ్వరాల కాలమంతా అక్కడే ఉన్నా వారికి మలేరియా రాలేదు. వాళ్ళు ఒక్క దోమనూ చంపనక్కర లేకపోయింది!

వందేళ్ళ తర్వాతా లెక్క మారలేదు. 2000 నుంచి 2015 వరకు ఆఫ్రికాలో తప్పిన మలేరియా కేసులు 66.3 కోట్లని 2015లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. అందులో 68 శాతం మందు పట్టించిన దోమతెరల పుణ్యమే.

ఇంతకీ సూట్‌కేసులో ఏం పెట్టాలి?

దోమను బట్టి వేళ ఉంటుంది, వేళను బట్టి సాధనం. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, దానికి దోమతెర. డెంగీ దోమ పగటిపూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. ఆ వేళ తెర లోపల ఎవరుంటారు? అప్పుడు పొడుగు చేతుల చొక్కాలు, డీట్ లేదా పికారిడిన్. పెర్మెత్రిన్ మందు బట్టలకే, ఒంటికి కాదు. రెండు నెలల లోపు పాపాయిలకు ఏ మందూ రాయకూడదు, ఉయ్యాలకు తెర కట్టడమే. లెమన్ యూకలిప్టస్ నూనె మూడేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదు. సన్‌స్క్రీన్ రాస్తే అది ముందు, దోమల మందు తర్వాత. డెక్ మీద కూర్చున్నప్పుడు ఒక టేబుల్ ఫ్యాను పెట్టండి. దోమ బలమైన గాలిలో ఎగరలేదు, మన ఊపిరి పాయ కూడా చెదిరిపోతుంది.

ఇక అమ్మానాన్నలకు. వాళ్ళకు కావలసినది అమెరికా మెషీన్ కాదు. కిటికీలకు చిరుగుల్లేని జాలీ, మంచానికి తెర, నీళ్ళ తొట్టెకు మూత. మన ఊళ్ళలో ఆరోగ్య సిబ్బంది "శుక్రవారం డ్రై డే" అని చెబుతుంటారు. అందులో శాస్త్రం ఉంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి కూలరు, పూలకుండీ కింది పళ్ళెం, పెరట్లో పడేసిన టైరు ఒంపేసి తోమేస్తే ఆ చక్రం మధ్యలోనే తెగిపోతుంది. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు జాలీ కొట్టడానికి ఒక వడ్రంగిని పిలిపించండి. ఒక్క పూట పని. చచ్చిన దోమలేవీ కనబడవు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. తప్పిన కాట్లను లెక్కపెట్టడానికి ఏ మీటరూ లేదు మరి!