నొప్పి యుండగా వ్యాయామమునకు పూనుకొనుట ఎట్లు?

వ్యాయామము దేహమునకు మేలు చేయునని నిరూపించుటకు ఈ సంచికలో పుటలు వ్యయము చేయనక్కరలేదు. మన ఐదవ తరగతి పిల్లవాడు సైతము ఆ పాఠమును తడబడక ఒప్పచెప్పగలడు. చెప్పవలసినది వేరొకటి కలదు. నడుమునో మోకాలినో మెడనో పట్టుకొని నెలల తరబడి విడువని నొప్పితో బాధపడువారు వ్యాయామమునకు మనస్సును ఎట్లు సిద్ధపరచుకొనవలెను? మేలని తెలిసియు చేయలేకపోవుటకు సోమరితనమే కారణమా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకినది కాదు. గత సంవత్సరము జూలై మాసమున తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట, ఏడవ తరగతి బాలిక తల్లి యొకామె నన్ను అడిగిన ప్రశ్న ఇది.

మన షోలాపురమున అనేక తెలుగు గృహములలోని స్త్రీలవలె ఆమెయు ఇంటియొద్దనే బీడీలు చుట్టును. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు, కత్తెర, దారము. ప్రొద్దుటినుండి దీపములు పెట్టు వేళవరకు అదే ఆసనము. ఆనాటి సమావేశమున నేను పిల్లల ఆటలను గూర్చి మాటలాడుచు, పెద్దలు కూడ దినమునకు అరగంట నడువవలెనని సలహా యిచ్చితిని. ఆమె వెనుక గోడనానుకొని నిలిచియే వినినది. తరువాత నా గదికి వచ్చి యిట్లనెను:

"నడిస్తె నొప్పి పోతదంటరు సారూ. నొప్పి పోతెనే గద నేను నడిచేది!"

"డాక్టరుకు చూపించుకున్నారా అమ్మా?" అని అడిగితిని.

"చూపిచ్చిన. భయమేం లేదు, జర తిరుగుతుండమన్నడు. రెండు దినాలు బాగ తిరిగిన. మూడో దినం లేవనే లేదు."

నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఏలయన, ఆమె పలికినది నా మాటయే. నాలుగేండ్లనుండి నా కుడి మోకాలును నడుమును నన్ను బాధించుచుండెను. మేడమీది తరగతులకు పోవలసి వచ్చినపుడు మెట్ల యొద్ద నిలిచి, ఏదో పని గుర్తుకు వచ్చినవానివలె వెనుకకు మరలిన దినములు పెక్కు కలవు. విద్యార్థులు గమనింపలేదని తలచితిని. అందరును గమనించిరని పిమ్మట తెలిసినది. అట్టివాడు ఇతరులకు అరగంట నడువుమని ఉపన్యసించెను!

ఆ సిగ్గుతోనే ఈ విషయమును కొంత చదివితిని, తెలిసినవారిని అడిగితిని. గ్రహించినది ఇచ్చట వ్రాయుచున్నాను.

మూడు మాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టికయొక్క పదునొకండవ కూర్పు 2022లో అమలునకు వచ్చినది. అందు దీనికి ప్రత్యేక స్థానము లభించినది. క్రొత్తగ తగిలిన దెబ్బకు నొప్పి కావలివాడు. కాలిన పెనమునుండి చేతిని వెనుకకు లాగించునది అదియే. కాని నెలలు గడచిన కొలది నొప్పికిని లోపలి హానికిని గల లంకె సడలిపోవచ్చును. అప్పుడు నాడీమండలము స్వల్పమైన కదలికకు కూడ పెద్ద కేక వేయుట అలవరచుకొనును. ఒకమారు మన పాఠశాల విద్యుత్ గంటకు మీట ఇరుకుకొనిపోయి, అది ఎడతెగక మ్రోగినది. పిల్లలందరు సంచులు సర్దుకొని బయటికి వచ్చిరి. గడియారములో కాలము పదకొండు గంటలే! గంట మ్రోగుట అబద్ధము కాదు, బడి విడిచిరనుట అబద్ధము. నొప్పి విషయమున ఈ భేదమును తెలిసికొనుట మిక్కిలి అవసరము. నొప్పి కల్పితమని ఎవ్వరును బాధితుని అవమానింపరాదు. నొప్పి కలిగినంతనే లోపల ఏదియో తెగినదని బాధితుడు బెదరిపోరాదు.

కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. దేహమునుండి మెదడునకు పోవు వార్తలకు వెన్నుపామునందు ఒక ద్వారమువంటి ఏర్పాటు కలదనియు, మెదడునుండి దిగివచ్చు ప్రభావములు దానిని తెరచుటకు గాని మూయుటకు గాని తోడ్పడుననియు వారు చెప్పిరి. అందలి వివరములు తరువాత కొంత మారినవి గాని, భయము, దిగులు, ధ్యాస నొప్పిని హెచ్చింపను తగ్గింపను గలవను సంగతి నిలిచియున్నది. మరియు 1994లో అమెరికాలో నడుమునొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. చిత్రములు తీసి చూడగా, నూటికి 52 మందిలో ఏదో ఒక వెన్నుపూసల బిళ్ల ఉబ్బియుండెను. కనుక చిత్రములో కనబడిన ప్రతి దోషమును చూచి మంచము పట్టనక్కరలేదు.

మంచమన్నంతనే వెనుకటి ఆచారము జ్ఞప్తికి వచ్చుచున్నది. నడుము పట్టినవారిని రోజుల తరబడి కదలనీయకుండిరి. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగులలో క్రొత్తగ నడుమునొప్పి వచ్చినవారిని మూడు వర్గములుగ చేసి పరీక్షించిరి. రెండు దినములు పడకలో నున్నవారికంటెను, వెంటనే నడుము వ్యాయామములు చేసినవారికంటెను, ఓర్చుకొనగలిగినంతమేర తమ నిత్యకృత్యములు చేసికొనినవారే త్వరగ కోలుకొనిరి. దీర్ఘకాలపు నొప్పిలో కదలకుండుటవలన నష్టము ఇంకను హెచ్చు. కదలని కండరము కృశించును. కృశించిన తొడ మోకాలిని కాపాడజాలదు. కీలులోని మృదులాస్థికి రక్తనాళములు లేవు. స్పాంజిని నొక్కి విడిచినపుడు నీరు పోవుచు వచ్చుచున్నట్లు, కీలు కదలినపుడు అందలి ద్రవమునుండియే దానికి ఆహారము చేరును. ఇట్లు నొప్పివలన విశ్రాంతి, విశ్రాంతివలన బలహీనత, బలహీనతవలన మరింత నొప్పి.

మరి వ్యాయామమువలన నొప్పి ఎంత తగ్గును? దీనిని దాచక చెప్పవలెను. దీర్ఘకాలపు నడుమునొప్పికి వ్యాయామమును గూర్చిన 249 పరీక్షలను ఒకచో చేర్చి 2021లో లెక్క కట్టిరి. నొప్పిని నూరు గుర్తుల కొలబద్దతో కొలిచినచో, ఏ చికిత్సయు లేనివారికంటెను, సాధారణ చికిత్స పొందినవారికంటెను వ్యాయామము చేసినవారికి సగటున 15 గుర్తులు తగ్గినది. పదునైదే! నొప్పి సమూలముగ పోవునని ఆశపెట్టి నడిపించినచో మనుష్యుడు మూడవ వారమునకే విసిగి మానివేయును. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పికి ఇచ్చిన సూచనలలో వ్యాయామమును చేర్చినది; అందరును కొనుచుండు నడుము బెల్టులను మాత్రము వలదన్నది. నా యింట రెండు కలవు.

ఇక అసలు చిక్కునకు వత్తము. నొప్పి గలవారు రెండు విధముల చెడుదురు. నొప్పి యున్న దినమున ఏమియు చేయరు. నొప్పి తగ్గిన దినమున వారము దినముల పని ఒక్కమారే చేయుదురు. ఒక ఆదివారము నాకు మోకాలు తేలికగ తోచినది. వెంటనే సిద్ధేశ్వర తటాకమునకు పోయి, మనసు తీర తిరిగి, ఇంటికి నడిచియే వచ్చితిని. పిమ్మట మూడు దినములు సెలవు పెట్టితిని. వ్యాయామము నాకు పడదని ఇంటిల్లిపాదికిని ప్రకటించితిని. ఆ బాలిక తల్లి చేసినదియు ఇదియే.

అమెరికాలోని సియాటిల్ నగరమున విల్బర్ట్ ఫోర్డైస్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ లోపమును కనిపెట్టి, 1976లో ప్రకటించిన గ్రంథమున ఒక మార్గము చూపెను. నొప్పి వచ్చినపుడెల్ల ఆపినచో విశ్రాంతి నొప్పికి బహుమానమగును. కనుక ఎంత చేయవలెనో ముందే నిర్ణయించుకొని, ఆ కొలత ముగిసినపుడు ఆపవలెను. ఇచ్చటి ఫిజియోథెరపిస్టు ఒకామె నాకు నేర్పినది ఈ పద్ధతియే. మొదట మూడు దినములు, నొప్పి స్పష్టముగ హెచ్చువరకు ఎన్ని నిమిషములు నడువగలనో వ్రాసికొమ్మనినది. 9, 7, 8 నిమిషములు వచ్చినవి. సగటు 8. అందు ఐదవ వంతు తీసివేయగా సుమారు 6. ఆ 6 నిమిషములే నా పాఠము. రెండు వారములకొకమారు ఒక్క నిమిషము కలుపవలెను. నడచిన నొప్పి మరునాటివరకు మామూలుకంటె హెచ్చుగ నిలిచినచో కలుపక ఆగవలెను. దీనితోపాటు చేతులు ఆనింపక కుర్చీనుండి ఐదుమారులు లేచి కూర్చుండుట, ఇది తొడలకు.

ఆరు నిమిషములని విని నా భార్య నవ్వినది. వారమునకు 150 నిమిషములు అని 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలలో చదివి నేనును సిగ్గుపడితిని. కాని ఆ సూచనలలోనే, ఏమియు చేయకుండుటకంటె కొంచెము చేయుట మేలని కూడ కలదు. ఈ పద్ధతిలో కష్టమైనది తక్కువ చేయుట కాదు. మంచి దినమున ఆరవ నిమిషమున ఆగుట. చెడ్డ దినమున మూడు నిమిషములు వాకిటనే తిరుగుదును. సున్న మాత్రము వేయను.

ఉత్సాహము కలిగిన పిమ్మట పని మొదలుపెట్టుదమని మనమందరము తలంతుము. నొప్పి గలవానికి ఉత్సాహము పిలువక రాదు. పని మొదలైన నాలుగైదు వారములకు మెల్లగ వెంట వచ్చును. అంతవరకు దానికి బదులుగ వేళను నియమించుకొనవలెను. నాకు ఉదయపు టీ త్రాగిన వెంటనే, వార్తాపత్రిక తెరువక మునుపు. నా పేరట ఒక హాజరు పట్టీ కూడ వ్రాసితిని. అందు నడిచినదియు నడువనిదియు మాత్రమే గుర్తింతును. నొప్పి ఎంత యని వ్రాయుటకు గడి పెట్టలేదు. పెట్టియుంటినేని దినమెల్ల దానినే తడవుకొనుచుందును.

మరియొకటి. 'ఆరోగ్యము' అను పెద్ద మాట తెల్లవారుజామున ఎవ్వరిని లేపజాలదు. పేరు పెట్టి చెప్పదగిన కోరిక యొకటి కావలెను. శ్రావణ పూర్ణిమనాడు మన మార్కండేయ రథోత్సవమున నా తండ్రి భుజములపై కూర్చుండి పోయినవాడను. ఈ మూడేండ్లు అరుగుమీద కుర్చీ వేసికొని చూచితిని. రథము వెంట నడువవలెనని నా కోరిక. ఆ తల్లిని అడుగగా, సంక్రాంతికి సిద్ధేశ్వర జాతరలో కూతురి చేయి పట్టుకొని తిరుగవలెననెను.

ఆమెకు నా పద్ధతి చెప్పి, నూరు బీడీలకొకమారు లేచి రెండు నిమిషములు నడువుమంటిని. "మాటిమాటికి లేస్తె కూలి వోతది సారూ" అనెను. నెల జీతము తీసికొనువాడు ఈ మాటకు ఏమి చెప్పగలడు? పరిష్కారము ఆమెయే కనుగొనినది. తడిపిన ఆకు మూటను ఒడి ప్రక్కన ఉంచుకొనక గది ఆవలి మూలన పెట్టి, నూటికి సరిపడు ఆకు మాత్రమే తెచ్చుకొనుచున్నది. అయినను దినమునకు కొన్ని బీడీలు తగ్గుచున్నవని నిజము చెప్పినది.

ఈ పద్ధతి అన్ని నొప్పులకు కాదు. కాలు బలము తప్పినను, తొడల నడుమ తిమ్మిరి కలిగినను, మలమూత్రములు స్వాధీనము తప్పినను తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను. జ్వరము, కారణము తెలియక బరువు తగ్గుట, పడిన పిమ్మట వచ్చిన నొప్పి, నడిచినపుడు ఎదలో బిగువు, వీనికి మొదట వైద్యుడు, పిమ్మట వ్యాయామము.

సంక్రాంతి మరునాడు ఆ బాలిక తరగతికి ముందే నా గదికి వచ్చి, తల్లి జాతరకు వచ్చినదనియు, రెండుచోట్ల కూర్చున్నదనియు, గాజులు కొన్నదనియు చెప్పినది. ఈ సంవత్సరము శ్రావణ పూర్ణిమ నాటికి నా కొలత 20 నిమిషములు. రథము మా వీధి మలుపునకు వచ్చినపుడు కలిసి, గడియారము చూచుకొని నడిచితిని. 20 నిమిషములైనవి. మోకాలు నొచ్చుచునే యుండెను గాని భరింపరానంత కాదు. డప్పుల మ్రోతకు ఇంకను పోవలెనని మనసు తొందర పెట్టెను. ఒక దుకాణపు బల్లమీద కూర్చుంటిని. పాత విద్యార్థులు "ఏం సార్, అప్పుడే అయిపోయిందా?" అని నవ్వుచు ముందునకు సాగిరి. మరునాటి ఉదయము టీ త్రాగి, పత్రిక తీయకమునుపే చెప్పులు తొడిగికొంటిని. ఆ దినమును 20 నిమిషములే.