కవల ప్రధాన సంఖ్యలకు సూత్రం ఉందా?

ఒకటికన్నా పెద్దదై, ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించబడనిది ప్రధాన సంఖ్య. రెండు ప్రధాన సంఖ్యల మధ్య తేడా 2 మాత్రమే అయితే వాటిని కవల ప్రధాన సంఖ్యలు అంటారు. (3, 5), (5, 7), (11, 13), (17, 19) అలాంటి జంటలు.

మొదటి జంటను మినహాయిస్తే, ప్రతి కవల జంటా 6 యొక్క ఏదో ఒక గుణిజానికి అటూ ఇటూ ఉంటుంది. కారణం సులభమే. జంట మధ్యలో ఉండేది సరి సంఖ్య. వరుసగా వచ్చే మూడు సంఖ్యల్లో ఒకటి 3తో భాగించబడాలి. చివరల ఉన్న రెండూ 3కన్నా పెద్ద ప్రధాన సంఖ్యలు కనుక, ఆ సంఖ్య మధ్యదే కావాలి. అందుకే జంట 6k−1, 6k+1 రూపంలో ఉంటుంది.

అయితే ఈ రూపంలో ఉన్నవన్నీ కవలలు కావు. ఉదాహరణకు, గుజరాత్‌లోని సూరత్ నగరంలో అడాజన్ ప్రాంతపు పిన్‌కోడ్ 395009. దాని తర్వాతి సంఖ్య 395010 = 2×3×3×3×5×7×11×19. అందువల్ల దానికి ఇరుపక్కల ఉన్న 395009, 395011లను ఈ చిన్న ప్రధాన సంఖ్యలేవీ భాగించలేవు. చూడగానే కవలలనిపిస్తాయి. కానీ 395009 = 29×53×257; 395011 = 101×3911. రెండూ సంయుక్త సంఖ్యలే.

మరో సూత్రం చూద్దాం. రెండు వరుస సంఖ్యల లబ్ధం నుంచి 1 తీసివేయాలి, దానికే 1 కలపాలి. అంటే n²+n−1, n²+n+1. n విలువ 2, 3, 5, 6, 8 అయినప్పుడు వరుసగా (5, 7), (11, 13), (29, 31), (41, 43), (71, 73) వస్తాయి. n = 4 అయితే మాత్రం 19 పక్కన 21 వస్తుంది. n = 9 అయితే 89 పక్కన 91 వస్తుంది; అది 7×13.

ఇది యాదృచ్ఛికం కాదు. n = 2 అయినప్పుడు n²+n+1 విలువ 7. అక్కడి నుంచి nను ఏడేసి చొప్పున పెంచితే, బహుపది విలువ పెరిగేది కూడా 7 గుణిజాల్లోనే. అందుకే 9, 16, 23 వద్ద వచ్చే 91, 273, 553 మూడూ 7తో భాగించబడతాయి. పూర్ణాంక గుణకాలతో, ఒకే చరరాశితో రాసిన ఏ బహుపదికైనా ఇదే వర్తిస్తుంది. ఎల్లప్పుడూ కొత్త ప్రధాన సంఖ్యలనే ఇచ్చే అలాంటి బహుపది లేదు.

మరి n²+n−1, n²+n+1 అనంతంగా కవలలను ఇస్తాయా? ఎవరూ నిరూపించలేదు. అసలు కవల ప్రధాన సంఖ్యలు అనంతమా అన్నదే ఇంకా తేలలేదు. 7 కోట్లకన్నా తక్కువ తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతమని 2013లో యీతాంగ్ ఝాంగ్ నిరూపించారు. జేమ్స్ మేనార్డ్, టెరెన్స్ టావో తదితరుల కృషితో 2014 నాటికి ఆ హద్దు 246కు దిగింది. కవలల ప్రశ్న తేలాలంటే అది 2కు చేరాలి.