కొత్త విండోస్‌లో పాత పేజ్‌మేకర్

అవగాహన: సైన్స్ అండ్ టెక్నాలజీ

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో డీటీపీ సెంటర్‌కు వెళ్లి పెండ్లి పత్రిక కొట్టించుకున్నవారికి పేజ్‌మేకర్, అను ఫాంట్ల పేర్లు చెప్పనక్కర్లేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0. అది 2001లో వచ్చింది. ఆ తర్వాత అడోబ్ సంస్థ దృష్టంతా ఇన్‌డిజైన్ మీదే. కంపెనీ వదిలేసినా డీటీపీ ఆపరేటర్లు మాత్రం వదల్లేదు. చేతివేళ్లకు అలవాటైన కీబోర్డ్ లేఔట్, ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు, డిజైన్లు అన్నీ అందులోనే ఉన్నాయి మరి. కొత్త కంప్యూటర్ కొన్న రోజు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇందులో పేజ్‌మేకర్ పడుతుందా? పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నడపగలగడాన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. పోటీ పరీక్షల అభ్యర్థులు పట్టుకోవాల్సిన అంశం ఇదే.

ఇంటర్‌ఫేస్ వేరు, అనుకూలత వేరు

తెర మీద కనిపించే మెనూలు, బటన్లు, ఐకాన్లు ఇంటర్‌ఫేస్. ప్రోగ్రామ్ అడిగిన పనిని అడుగున ఆపరేటింగ్ సిస్టమ్ చేసిపెట్టే ఏర్పాటు అనుకూలత. చాలామంది జవాబుల్లో ఈ రెంటినీ కలిపేస్తారు. ఒకటి మారకుండా మరొకటి మారవచ్చు.

ఇందుకు విండోస్ 8 మంచి ఉదాహరణ. 2012 అక్టోబర్ 26న విడుదలైన ఈ వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ టచ్‌స్క్రీన్‌ను దృష్టిలో పెట్టుకుని స్టార్ట్ బటన్ తీసేసింది, తెర నిండా టైల్స్ పరిచింది. విండోస్ 7లో నడిచిన ప్రోగ్రామ్‌లు దాదాపు అన్నీ ఇందులోనూ నడిచాయి. కానీ వాటిని ఎక్కడ తెరవాలో, కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక జనం తికమకపడ్డారు. 2013 అక్టోబర్‌లో 8.1తో బటన్ తిరిగొచ్చింది. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10లో స్టార్ట్ మెనూ కూడా వెనక్కి వచ్చింది.

విండోస్ 11లో మౌస్ రైట్ క్లిక్ చేసి చూడండి. పొట్టి మెనూ వస్తుంది. అడుగున ఉన్న ‘మరిన్ని ఆప్షన్లు’ నొక్కితే పాత పొడవాటి మెనూ తెరుచుకుంటుంది. పాత ప్రోగ్రామ్‌లు తమ కమాండ్లను ఆ మెనూలోనే తగిలించుకున్నాయి కాబట్టి దాన్ని తీసేయలేక, కొత్తదాని వెనక దాచారు. సెట్టింగ్స్, కంట్రోల్ ప్యానెల్ రెండూ ఇంకా పక్కపక్కనే ఉండటమూ ఇలాంటిదే. చూడటానికి అతుకుల బొంతలా ఉంటుంది నిజమే. అయినా పని ఆగిపోవడం కన్నా ఇదే నయం.

లైనక్స్‌లో దారి వేరు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మూడో వెర్షన్ పాత రూపాన్ని వదిలేస్తే, నచ్చనివాళ్లు గ్నోమ్ 2 కోడ్ తీసుకుని మాటే పేరుతో కొనసాగించారు.

16, 32, 64 బిట్‌ల లెక్క

అసలు చిక్కు తెర అడుగున ఉంది. 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రోగ్రామ్‌లను ‘వావ్64’ అనే పొర ద్వారా నడుపుతుంది. 16 బిట్ ప్రోగ్రామ్‌లను మాత్రం నడపదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తాము 32 బిట్‌వే అయినా వాటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. అలాంటివి చాలావరకు లోపలికి అడుగే పెట్టలేవు. ఇక ప్రింటర్, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కోసం తగిలించే చిన్న పరికరం) వంటి వాటి డ్రైవర్లకు ఆ పొర పనిచేయదు; 64 బిట్ విండోస్‌కు 64 బిట్ డ్రైవరే కావాలి. సాఫ్ట్‌వేర్ బాగానే ఉన్నా డాంగిల్‌ను గుర్తించకపోతే షాపు పని ఆగినట్టే. 2021 అక్టోబర్ 5న విడుదలైన విండోస్ 11కు 32 బిట్ వెర్షన్ లేనే లేదు.

ఆపిల్ ఇంత మొహమాటపడదు. 2019 అక్టోబర్‌లో మాక్ ఓఎస్ కాటలీనాతో 32 బిట్ ప్రోగ్రామ్‌లను పూర్తిగా ఆపేసింది. 2020లో సొంత చిప్‌లకు మారినప్పుడు పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌ల కోసం రోసెట్టా 2 అనే అనువాదక పొర ఇచ్చింది. కొన్నేళ్లు గడువిచ్చి తర్వాత తలుపు మూయడం దాని పద్ధతి.

తెలుగు లిపి దగ్గర పడిన ముడి

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉంది. 3072 నుంచి 3199 వరకు సంఖ్యలు మన లిపివి. ‘క’ సంఖ్య 3093. ‘కరీంనగర్’ అని టైపు చేస్తే కంప్యూటర్ 8 సంఖ్యలు దాచుకుంటుంది. గుణింతాలు, ఒత్తులు కలిపి చూపించే పని ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంట్ కలిసి చూసుకుంటాయి. అను వంటి పాత ఫాంట్లది వేరే పద్ధతి. ఆంగ్ల అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైల్ అర్థం కాని గుర్తుల గుంపు.

2001 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్‌తో యూనికోడ్ తెలుగు అందింది. అదే ఏడాది వచ్చిన పేజ్‌మేకర్ 7.0కు యూనికోడ్ తెలియదు. మన అచ్చు పని ఆ రెండో దారినే పోయింది. 2016 అక్టోబర్ 11న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ కేంద్రాలుగా కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు లెటర్‌హెడ్‌లు, దరఖాస్తు నమూనాలు మార్చాల్సి వచ్చింది. ఫైల్ యూనికోడ్‌లో ఉంటే పాత జిల్లా పేరును కంప్యూటర్ మొత్తంలో ఒకేసారి వెతకవచ్చు. పాత ఫాంట్ ఫైళ్లలో అది కుదరదు, ఒక్కొక్కటి తెరవాల్సిందే.

గుంజాల గోండి: 65,536 దాటిన లిపి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన గోండి వ్రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో ఆ లిపికి చోటు దక్కింది: 73,056 నుంచి 73,135 వరకు. 16 బిట్‌లతో లెక్కించగలిగేది 65,536 సంఖ్యలే. ఒక అక్షరానికి 16 బిట్‌లు చాలనుకుని రాసిన పాత ప్రోగ్రామ్‌లలో తెలుగు సరిగ్గా వచ్చినా గుంజాల గోండి చెడిపోతుంది. పాతదాన్ని కాపాడటం ఎప్పుడూ మంచిదే అనుకునేవారు ఈ ఉదాహరణ చూడాలి. ఇక్కడ పాత సాఫ్ట్‌వేర్ ఒక భాషకు అడ్డు నిలుస్తోంది.

గడువు తేదీలు

ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ముగిసింది. గడువు దాటాక మామూలుగా భద్రతా అప్‌డేట్లు రావు. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11ను విరమించినా, దాని కోసమే తయారైన పాత వెబ్‌సైట్ల కోసం ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ మోడ్ ఉంచారు.

మెయిన్స్‌కు వస్తే

‘డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు పాత సాఫ్ట్‌వేర్‌ను ఎంతకాలం మోయాలి? చర్చించండి’ అన్న ప్రశ్న రావచ్చు. రెండు పక్షాలూ రాసి ఊరుకోకండి, ఒక నిర్ణయం చెప్పండి. ఇంటర్‌ఫేస్ విషయంలో వినియోగదారుకు ఎంపిక ఉండాలి. ప్రోగ్రామ్‌ను వర్చువల్ మెషీన్‌లో, ఇంటర్నెట్ కనెక్షన్ లేకుండా నడుపుకోవచ్చు. విండోస్ 7లోని ఎక్స్‌పీ మోడ్ కూడా వర్చువల్ మెషీన్ ఏర్పాటే. డేటాను మాత్రం ఆ ప్రోగ్రామ్‌లోనే బందీగా ఉంచకూడదు, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. జవాబులో అను ఫాంట్లు, గుంజాల గోండి ఉదాహరణలు రెండూ ఇవ్వండి. ప్రిలిమ్స్‌కైతే పై తేదీలు, 65,536 లెక్క గుర్తుంటే చాలు.