సంతకం పెట్టే ముందు

అది సూర్యాపేట. పట్నం చివర కొత్తగా పడిన కాలనీ. అక్కడ ఒక అత్తాకోడళ్ళకు కొంచెం జాగా ఉంది. అత్త ఇరవై ఏళ్ళు కూరగాయలు అమ్మి, పైసా పైసా కూడబెట్టి కొన్న జాగా అది. రిజిస్ట్రీ కాయితం అత్త పేరు మీదే ఉంది. ఇన్నాళ్ళూ కిరాయి ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు సొంతంగా రెండు గదులు వేసుకుందాం అనుకున్నారు.

మేస్త్రి వచ్చాడు. జాగా చూశాడు.

"ముందు మునిసిపాలిటీ పర్మిషన్ తెచ్చుకోండి. తర్వాతే పునాది తీస్తా" అన్నాడు.

ఈ మాట ఒక దళారి చెవిన పడింది. తెల్లారేసరికి ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక ఫారం ఉంది.

"పెద్దమ్మా! 75 గజాల లోపు జాగాకు పర్మిషనే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతది. అంతా నేనే రాసుకొచ్చిన. నువ్వు ఇక్కడ సంతకం పెట్టు. నాకు మూడు వేలు ఇయ్యి" అన్నాడు.

కోడలు సంతోషపడింది. లోపలికి పోయి పెన్ను తెచ్చింది.

అత్త పెన్ను పట్టుకోలేదు. ముందు ఫారం పట్టుకుంది. రెండేళ్ళ కిందటి దాకా ఆమెది వేలిముద్ర. చదువుల కేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకుంది. అప్పటి నుంచి చదవనిదే దేని మీదా సంతకం పెట్టదు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. జాగా 74 గజాలు అని రాసి ఉంది. కింద, ఇందులో రాసినదంతా నిజమని, తప్పయితే బాధ్యత తనదేనని ఒప్పుకున్నట్టు రాసి ఉంది.

అత్త పెట్టెలోంచి రిజిస్ట్రీ కాయితం తీసింది. వెడల్పు 27 అడుగులు. పొడవు 28 అడుగులు. కోడలు పలక మీద లెక్క వేసింది.

27 × 28 = 756 చదరపు అడుగులు.
గజం అంటే 3 అడుగులు. చదరపు గజం అంటే 3 × 3 = 9 చదరపు అడుగులు.
756 ÷ 9 = 84 గజాలు.

"బిడ్డా, మాది 84 గజాలు. నువ్వు 74 అని ఎందుకు రాసినవ్?" అని అడిగింది అత్త.

"పది గజాల తేడా ఎవడు కొలుస్తడు పెద్దమ్మా?"

"కొలిస్తే?"

దళారి మాట్లాడలేదు.

"కొలిస్తే కూలేది నీ ఇల్లు కాదు బిడ్డా, మా ఇల్లు" అని అత్త ఫారం తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు అత్తాకోడళ్ళు మునిసిపల్ ఆఫీసుకు పోయారు. అక్కడి ఉద్యోగి వారికి విషయం వివరించాడు.

తెలంగాణలో 2019లో కొత్త పురపాలక చట్టం వచ్చింది. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. ఈ చట్టాల ప్రకారం పద్ధతి ఇలా ఉంటుంది.

75 గజాల లోపు జాగాలో, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి అక్కర్లేదు. అంటే కింద ఇల్లు, పైన ఒక అంతస్తు వేసుకోవచ్చు. రూపాయి కట్టి నమోదు చేసుకోవాలి.

75 గజాలు దాటి 600 గజాల లోపు జాగాకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి కావాలి. యజమాని తానే వివరాలు రాసి, నిజమని ఒప్పుకుంటూ దరఖాస్తు చేయాలి. దీన్ని స్వీయ ధృవీకరణ అంటారు. ఫీజు కట్టగానే అనుమతి వస్తుంది.

ఇంతకన్నా పెద్ద కట్టడాలకు అధికారులు ముందు పరిశీలిస్తారు. 21 రోజుల్లో తేల్చి చెప్పాలి.

"వెంటనే అనుమతి వచ్చింది కదా అని ఇష్టం వచ్చినట్టు కట్టకూడదమ్మా" అన్నాడు ఉద్యోగి. "తర్వాత మా వాళ్ళు వచ్చి చూస్తారు. అబద్ధం రాసినట్టు తేలితే అనుమతి రద్దవుతుంది. నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. చెరువులో, నాలా మీద, సర్కారు జాగాలో ఎంత చిన్న ఇల్లయినా కట్టరాదు."

"రూపాయి కట్టిన ఇంటికి కూడా ఈ మాట వర్తిస్తదా సారూ?" అని కోడలు అడిగింది.

"వర్తిస్తుంది. అనుమతి అక్కర్లేదంటే నియమాలు అక్కర్లేదని కాదు" అన్నాడు ఉద్యోగి.

అత్త 84 గజాలు అనే రాయించింది. రిజిస్ట్రీ కాయితం, ఇంటి ప్లాను జతచేసింది. ఫీజు కట్టి రసీదు తీసుకుంది. దళారికి ఇచ్చే మూడు వేలు ఆ ఫీజుకు అక్కరకొచ్చాయి.

అనుమతి వచ్చింది. మేస్త్రి ముగ్గు పోశాడు. రోడ్డు అంచు దాకా పోశాడు. అత్త టేపు తెచ్చింది. ఆ వీధిలాంటి చిన్న రోడ్డు పక్క చిన్న జాగాకు, రోడ్డు వైపు మీటరున్నర ఖాళీ వదలాలని 2012 నాటి భవన నిబంధనల్లో ఉంది. అంటే సుమారు 5 అడుగులు.

"గది చిన్నదైతది పెద్దమ్మా" అన్నాడు మేస్త్రి.

"చిన్నదైతే ఏం? నిలబడితే చాలు" అంది అత్త.

28 అడుగుల పొడవులో 5 అడుగులు పోయాయి. 23 అడుగులు మిగిలాయి. అందులోనే రెండు గదులు సర్దుకున్నారు. కొన్నాళ్ళకు మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కొలిచారు. కాయితం మీది లెక్క, నేల మీది లెక్క ఒక్కటే. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అత్తకు కంటి నిండా నిద్ర పట్టింది.

జవాబులు చెప్పండి
1. దళారి ఫారంలో ఏం తప్పు రాశాడు? సంతకం పెట్టి ఉంటే నష్టం ఎవరికి?
2. ఒక జాగా వెడల్పు 20 అడుగులు, పొడవు 27 అడుగులు. అది ఎన్ని గజాలు? దానిలో ఒక అంతస్తు ఇంటికి అనుమతి కావాలా, నమోదు చాలా?
3. మీ ఇంటి కాయితం తీసి చదవండి. జాగా కొలతలు మీ పుస్తకంలో రాసుకోండి.