తెర మీద గీతలు: తప్పు డ్రైవర్‌దేనా?

పదేళ్లు దాటిన ఇంటి కంప్యూటర్‌లో తెర ఒక్కసారిగా తీరు మార్చుకోవడం చాలామందికి అనుభవమే. అక్షరాలు రెట్టింపు సైజులో, మసకగా కనిపిస్తాయి. వీడియో ఆగి ఆగి నడుస్తుంది. రంగురంగుల గీతలు వస్తాయి, లేదంటే తెర కాసేపు నల్లబడి మళ్లీ వెలుగుతుంది. రిపేరు దుకాణానికి తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే జవాబులు రెండే: 'డ్రైవర్ పోయింది, ఫార్మాట్ చేయాలి', 'కార్డు పోయింది, కొత్తది వేయాలి'. మొదటి దానితో ఇంట్లోవాళ్ల ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు పోయే ప్రమాదం ఉంది. రెండో దానికి వేల రూపాయలు కావాలి. చాలాసార్లు ఈ రెండూ అవసరం ఉండవు. కాబట్టి డ్రైవర్ జోలికి వెళ్లే ముందు, తప్పు ఎక్కడ ఉందో తేల్చుకోవాలి. అది ఇంట్లోనే చేయగలిగిన పని.

ముందుగా, తెర మీదికి బొమ్మ ఎలా వస్తుందో చూద్దాం. ఫలానా చోట ఫలానా బొమ్మ కావాలని ప్రోగ్రామ్ అడుగుతుంది. ఆ కోరికను గ్రాఫిక్స్ చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేరే డ్రైవర్. చిప్ గీసిన బొమ్మ మెమరీలో ఫ్రేమ్ బఫర్ అనే భాగంలో చేరుతుంది. అక్కడి నుంచి కంప్యూటర్ వెనుక ఉన్న సాకెట్‌కు, కేబుల్‌కు, చివరికి మానిటర్‌కు వెళుతుంది. 1920×1080 చుక్కల తెరకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, ఒక్క ఫ్రేముకే దాదాపు 83 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 60 ఫ్రేములంటే 50 కోట్ల బైట్లు. ఇంత పెద్ద రవాణాలో ఎక్కడ తేడా వచ్చినా కనిపించేది తెర మీదే, నింద పడేది మాత్రం డ్రైవర్ మీద.

తప్పు ఏ మజిలీలో ఉందో తెలుసుకోవడానికి నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష చాలా సులువైనది. గీతలు కనిపిస్తున్నప్పుడే ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి, ఆ బొమ్మను సేవ్ చేసి, ఫోన్‌కు పంపి చూడండి. స్క్రీన్‌షాట్ మెమరీలో ఉన్న బొమ్మ నుంచి తయారవుతుంది. ఫోన్‌లో కూడా గీతలు ఉంటే, బొమ్మ గీసేటప్పుడే తప్పు జరిగింది. అప్పుడు అనుమానించాల్సింది డ్రైవర్‌ను, చిప్‌ను, మెమరీని. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే, తప్పు ఆ తర్వాతి దారిలో, అంటే సాకెట్‌లోనో, కేబుల్‌లోనో, మానిటర్‌లోనో ఉంది. ఇక్కడ ఎన్ని డ్రైవర్లు మార్చినా ఫలితం ఉండదు.

కేబుల్ సంగతికి వస్తే, పాత మానిటర్లకు ఉండే 15 పిన్నుల వీజీఏ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు వేర్వేరు తీగల్లో వెళతాయి. ఎరుపు పిన్ను వంగితే తెల్లటి తెర నీలి ఆకుపచ్చగా మారుతుంది. నీలం పోతే పసుపు, ఆకుపచ్చ పోతే గులాబీ కలిసిన ఊదా కనిపిస్తాయి. తెరంతా ఒకే రంగు ఛాయ కమ్ముకుంటే ముందు కేబుల్ తీసి పిన్నులు చూడండి.

రెండో పరీక్ష, ఆన్ చేసిన వెంటనే వచ్చే బయాస్ తెర. అప్పటికి విండోస్ ఇంకా మొదలవదు, దాని డ్రైవర్ కూడా ఉండదు. అక్కడే గీతలు కనిపిస్తే డ్రైవర్ నిర్దోషి. అయితే బయాస్ తెర బాగుందని హార్డ్‌వేర్ కూడా బాగుందనుకోకూడదు. ఆ దశలో చిప్ మీద పని భారం దాదాపు ఉండదు. మూడోది సేఫ్ మోడ్. షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే, ట్రబుల్‌షూట్ మెనూ ద్వారా అక్కడికి చేరవచ్చు. అందులో విండోస్ తన సొంత సాదా డ్రైవర్‌తోనే నడుస్తుంది. అక్కడ అరగంట సాఫీగా నడిచి, మామూలుగా నడిపినప్పుడు మళ్లీ చెడితే, అప్పుడు డ్రైవర్ మీద అనుమానం బలపడుతుంది.

బలపడుతుందే కానీ తేలిపోదు, ఎందుకంటే మధ్యలో వేడి ఉంది. విస్టా నుంచి విండోస్‌లో ఒక కాపలా ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లలోగా జవాబివ్వకపోతే, అది చిప్‌ను, డ్రైవర్‌ను కలిపి రీసెట్ చేస్తుంది. తెర నల్లబడి తిరిగి రావడం, 'డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసింది' అన్న సందేశం ఆ రీసెట్ ఫలితాలే. సందేశంలో డ్రైవర్ పేరున్నా, చిప్ వేడెక్కి ఉండవచ్చు, పవర్ సప్లై బలహీనపడి ఉండవచ్చు. రిజిస్ట్రీలో ఆ 2 సెకన్ల గడువును పెంచమనే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. అది రోగాన్ని దాచడమే తప్ప నయం చేయడం కాదు.

చిప్ ఉష్ణోగ్రత గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుందన్నది దాని పని భారం మీద, కూలర్ శుభ్రత మీద ఆధారపడుతుంది. గది 25 నుంచి 38 డిగ్రీలకు చేరితే, అదే భారం మీద చిప్ కూడా సుమారు 13 డిగ్రీలు ఎక్కుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం వచ్చి, తెల్లవారుజామున రాని దోషం వేడి వల్లనే అయ్యే అవకాశం ఎక్కువ. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత చూడండి. ప్లగ్ తీసేసి ఫ్యాన్ దుమ్ము దులపండి. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించండి.

ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడం వేరే నష్టం కూడా చేస్తుంది. ఒక్క డిగ్రీ వేడికి సిలికాన్ పది లక్షల్లో సుమారు 3 వంతులు వ్యాకోచిస్తే, దాని కింద ఉండే గాజునార పలక 15 వంతుల దాకా వ్యాకోచిస్తుంది. ఈ తేడా ఒత్తిడంతా మధ్యనున్న సన్నని సోల్డర్ బొడిపెల మీద పడుతుంది. చిప్ ప్యాకేజింగ్‌లో వాడిన బలహీనమైన పదార్థాల వల్ల కొన్ని ల్యాప్‌టాప్ చిప్‌లు చెడిపోతున్నాయని 2008 జులైలో ఎన్విడియా ప్రకటించి, 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. ఇలా చెడిన కార్డును ఓవెన్‌లో పెట్టి బతికించే వీడియోలు చూసే ఉంటారు. బతికినా కొన్నాళ్లే. వంట చేసుకునే ఓవెన్‌లోనైతే అసలే వద్దు.

ఇవన్నీ దాటాక మిగిలేది డ్రైవరే అయితే, పాత యంత్రాలకు కొత్త డ్రైవరే మంచిదన్న నమ్మకాన్ని పక్కన పెట్టాలి. ఎన్విడియా తన కెప్లర్ తరం కార్డులకు 2021 అక్టోబర్‌లో మామూలు డ్రైవర్ల విడుదల ఆపి, భద్రతా సవరణలను 2024 సెప్టెంబర్ వరకు మాత్రమే ఇస్తామంది. మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న జీటీ 710 కూడా ఆ తరందే. దానికి 470 శ్రేణి డ్రైవరే ఆఖరిది. ఏఎండీ కూడా 2021లోనే రేడియన్ హెచ్‌డీ 7000 వంటి పాత కార్డులను పక్కన పెట్టింది. మీ కార్డుకు చెందిన ఆఖరి డ్రైవర్‌ను కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. వెతుకులాటలో ముందు కనిపించే 'డ్రైవర్ అప్‌డేటర్' ప్రోగ్రామ్‌ల వైపు వెళ్లకండి.

కార్డు ఏదో తెలియకపోతే డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ, 8086 అంటే ఇంటెల్. ఈ చివరిది 1978లో వచ్చిన ఆ కంపెనీ ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే.

నిన్నటి దాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత చెడితే, అదే డివైస్ మేనేజర్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కడంతో చాలాసార్లు పని అయిపోతుంది. కాకపోతే, సరైన డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటర్నెట్ తీసేయండి. లేదంటే మధ్యలో విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను వేసేస్తుంది. తర్వాత డ్రైవర్ ఫైళ్లను కూడా తొలగించే ఎంపికతో పాతదాన్ని తీసేసి, రీస్టార్ట్ చేయండి. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తే కంగారు పడకండి, అది సాదా డ్రైవర్ పనే. అప్పుడు కొత్తది వేయండి. దీనికి ఫార్మాట్ అక్కర్లేదు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఒకవేళ కార్డే పోయిందని తేలినా, కొనే ముందు కంప్యూటర్ వెనుక వైపు ఒకసారి చూడండి. మదర్‌బోర్డుకు సొంతంగా వీజీఏ లేదా హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే, ప్లగ్ తీసి, కార్డు ఊడదీసి, కేబుల్‌ను అందులో పెట్టి ఆన్ చేయండి. ప్రాసెసర్‌లోనో మదర్‌బోర్డు మీదో గ్రాఫిక్స్ ఉంటే బొమ్మ వస్తుంది. ఆన్‌లైన్ పాఠాలకు, బ్యాంకు పనులకు, సినిమాలకు అది చాలు.